మాస్మన్ గండిలో ఒక పూట

విదేశయాత్రలు చేసే తాహతు మాకు లేదన్న సంగతి మా జీతం ఎరిగిన వారందరికీ తెలుసు. గోపాలపూర్ సముద్రం, తారాతరిణి కొండ, నాలుగేళ్ళకొకసారి సింహాచలం: ఇవీ మా యాత్రలు. అటువంటి మేము 2019 జూలైలో ఆస్ట్రేలియా ఖండం చూచి వచ్చామంటే ఆ పుణ్యం మా బావమరిదిది. అతడు క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో కేరన్సు అనే ఊళ్ళో ఆసుపత్రి నర్సు. అక్కగారి మీద బెంగ పెట్టుకొని మా నలుగురికీ టిక్కెట్లు పంపించాడు. ఇరవై రోజుల సెలవు మంజూరు కావడానికి మేము పెట్టిన కాగితాలు, విమానం ఎక్కడానికి పెట్టిన కాగితాలకన్న ఎక్కువ. ఆ గొడవ ఇక్కడ వద్దు.

ఇన్నాళ్ళకు ఇదంతా ఎందుకు వ్రాస్తున్నామంటే, మొన్న అటక సర్దుతూంటే మా అమ్మాయి నోటుపుస్తకం ఒకటి బయటపడింది. దాని సంగతి తరువాత చెబుతాము.

కేరన్సుకు వచ్చిన వారందరూ ఓడెక్కి సముద్రంలోని పగడపు దిబ్బలు చూడబోతారు. ఆ ఓడ టిక్కెట్టు ధర విని మేము నోరు మెదపలేదు. మా బావమరిది గ్రహించాడు కాబోలు, "బావగారూ, సముద్రం మీకు గోపాలపూర్‌లో ఉండనే ఉంది. మిమ్మల్ని మాస్మన్ గండికి తీసుకువెళతాను. నడక తేలిక. అక్క మోకాళ్ళకు కూడా ఇబ్బంది ఉండదు" అన్నాడు.

నది కొండను చీల్చుకొని వచ్చే చోటును మన పెద్దలు గండి అన్నారు. పెన్న ఒడ్డున గండికోటకు ఆ పేరు అట్లా వచ్చినదే. మాస్మన్ నది కూడా అంతే. కేరన్సుకు ఉత్తరంగా సుమారు 80 కిలోమీటర్ల దూరాన, దట్టమైన వానల అడవిలోనుండి, ఏనుగులు పడుకొన్నట్లున్న నల్లరాతి బండల మధ్యగా దూకుతూ వస్తుంది. దారి చాలవరకు ఒక ప్రక్క కొండ, ఒక ప్రక్క సముద్రం. ఆ తరువాత చెరకు తోటలు. మేము వెళ్ళిన రోజులలో చెరకు ఆడుతున్నారు. బొమ్మ రైళ్ళవంటి చిన్న రైళ్ళు పొలాల మధ్య చెరకు మోసుకొని పోతూంటే మా అబ్బాయి కారు ఆపమని గొడవ చేశాడు. 1897లో మొదలైన ఆ మాస్మన్ మిల్లు 2024లో మూతపడిందని మా బావమరిది తరువాత చెప్పాడు.

నది పేరుకు ఒక కథ ఉన్నది. 1871లో ఛార్టర్స్ టవర్స్ అనే చోట బంగారం బయటపడింది. హ్యూ మాస్మన్ అనే ఆయన, ఆయన తోటివారు ఖనిజాల కోసం తిరుగుతూంటే, వారి వెంట ఉన్న జూపిటర్ అనే ఆదివాసి బాలుడు, తప్పిపోయిన గుర్రాలను వెదుకబోయి బంగారపు రాయి తెచ్చి చూపాడు. రెండేళ్ళ తరువాత ఈ నదికి పేరు పెట్టవలసి వచ్చినప్పుడు హ్యూ మాస్మన్ పేరు పెట్టారు. బంగారం కంటపడినది కుర్రవానికి, పేరు దక్కినది దొరకు. మా ఆఫీసులో కూడా ఇటువంటివి చూస్తూనే ఉంటాము.

అసలు ఆ నదీ, అడవీ, కొండలూ కుకు యలంజి అనే జాతివారివి. కుకు అంటే వారి భాషలో మాట. మాటను బట్టి మనిషిని పిలవడం వారి పద్ధతి. మనలను తెలుగువారు అన్నట్లే. గండికి పోయే దారిలోనే వారి ఊరున్నది. వెనుక సందర్శకుల కార్లన్నీ ఆ ఊరి మీదుగానే పోయేవట. ఇళ్ళ ముందు దుమ్ము, హడావిడి, పిల్లలు ఆడుకోవడానికి లేదు. 2012లో ఊరికి ఈవల ఒక కేంద్రం కట్టి, కార్లు అక్కడ నిలిపివేసి, అక్కడినుండి బస్సులో తీసికొని వెళ్ళే ఏర్పాటు చేశారు. ఆ కేంద్రంలో పనిచేసేవారిలో ఎక్కువమంది ఆ జాతివారే. గండి దగ్గర ఎవరికి వారు నడవవచ్చును, దానికి రుసుము లేదు. వారి మనిషి వెంట వచ్చి చూపించే నడకకు మాత్రం టిక్కెట్టు. మా బావమరిది మాకు తెలియకుండా దానికి ముందే డబ్బు కట్టివేశాడు.

ఆ నడకకు వారి భాషలో పేరు ఙాదికు. అంటే చాలా కాలం క్రిందటి సంగతి, పాతకథ అని అర్థం. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన అక్షరమాలలో ఙ అనే అక్షరం ఉన్నది కదా. చిన్నప్పుడు పలకమీద దిద్దిన తరువాత అది మనకు మళ్ళీ ఎక్కడా పనికిరాలేదు. ఆ జాతివారి మాటలు కొన్ని దానితోనే మొదలవుతాయి! మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ శబ్దం పలకడానికి ముక్కు ఎగబీల్చి తంటాలు పడుతూంటే, మాకు దారి చూపడానికి వచ్చిన ఆయన నవ్వి నాలుగైదుసార్లు పలికించాడు.

ఆయనకు ఏబది ఏళ్ళుండవచ్చు. స్థూలకాయం, నెమ్మదైన మాట. ముందుగా పచ్చి ఆకులతో పొగ వేసి, ఆ పొగ చుట్టూ మమ్మల్ని తిప్పాడు. అడవిలోనికి పోయేవారు పెద్దలకు తెలియజేసి పోవాలట. చెడు ఏదైనా వెంట ఉంటే పొగకు పోతుందట. మా ఇంటావిడ కొంగు కప్పుకొని, సాంబ్రాణి పొగకు పట్టినట్టే రెండు చేతులా పట్టి కళ్ళకద్దుకొన్నది. ఆయన చూచి, "ఈ అమ్మకు నేను చెప్పవలసినది లేదు" అన్నాడు.

అడవిలో అడుగు పెట్టగానే ఎండ పోయింది. పట్టపగలు దీపాలవేళ అయినట్లున్నది. చెట్ల వేళ్ళు నేలమీద గోడలవలె లేచి నిలబడ్డాయి. ఆయన ఒక వేరును కర్రతో కొడితే డప్పు మ్రోగినట్లు మ్రోగింది. అడవిలో ఒకరినొకరు పిలుచుకోవడానికి అదొక ఉపాయమట. ఒక చెట్టు ఆకులు నాలుగు తుంచి, నీళ్ళు చిలికి, అరచేతుల మధ్య రుద్దితే కుంకుడుకాయ నురుగువలె నురుగు వచ్చింది. ఎర్రరాయిని నీటితో బండమీద అరగదీసి, ఆ గంధం పిల్లల చేతులకు పూశాడు. ఇదంతా మాకు క్రొత్తగా ఉండక, మా అమ్మమ్మగారి వంటింటి వసారాలో కూర్చొన్నట్లున్నది.

తరువాత ఒక పెద్ద గింజ చూపించాడు. నల్లచిక్కుడు అనవచ్చు, అరచేతిలో నిండుగా ఉన్నది. పచ్చిగా తింటే విషం. దానిని ముక్కలుగా కోసి, బుట్టలో పెట్టి, పారే నీటిలో రోజుల తరబడి నానవేసి, విషం పోయాక పిండి చేసి రొట్టె కాల్చేవారట. పేగులు పాడు చేసే గింజను అన్నంగా మార్చడానికి ఎన్ని తరాల వారు ఎన్ని ఇబ్బందులు పడి కనుక్కొన్నారో! మాకు వెంటనే మన కొండవారు మామిడి టెంకలు నానవేసి, చేదు తీసి అంబలి కాచుకోవడం జ్ఞాపకం వచ్చింది. బరంపురం బజారుకు కొండ సవరలు అడ్డాకులు, చీపుళ్ళు, పసుపు తెచ్చి అమ్ముతారు. ఇన్నేళ్ళుగా మేము వారితో బేరమాడాము గాని, ఆ ఆకు పేరు మీ మాటలో ఏమిటని ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు. ఈ సంగతి అంత దూరం పోయి, అక్కడ తట్టింది.

ముట్టుకోరాని ఆకు కూడా ఒకటి చూపించాడు. హృదయం ఆకారంలో, లేత పచ్చగా, చూడ ముచ్చటగా ఉంటుంది. ఒడలికి తగిలితే గాజుముక్కలవంటి సన్నని నూగు దిగి, ఆ బాధ నెలల తరబడి ఉంటుందట. మన దురదగొండి దాని ముందు పసిపాప.

కాసోవరీ అనే పక్షిని చూడాలని పిల్లలు ఆశపడ్డారు. మనిషంత ఎత్తు, నీలపు మెడ, తలపై కొమ్ము కిరీటం, ఎగురలేదు. వారి భాషలో కురంజి. ఆడది గుడ్లు పెట్టి తన దారిన పోతుంది. మగది గుడ్లు పొదిగి పిల్లలను పెంచుతుంది. ఈ సంగతి విని మా ఇంటావిడ మావైపు చూచిన చూపు మేము మరచిపోలేదు. ఆ పక్షి పండ్లను నమలక మ్రింగి, గింజలను అడవి అంతటా వేస్తూ పోతుంది గనుక అడవికి అదే తోటమాలి. పక్షి కనబడలేదు. దాని పెంట మాత్రం కనబడింది. దాని నిండా గోళీలంత గింజలు. మా అబ్బాయి అదే ఫోటో తీసికొన్నాడు.

ఈ అడవి భూమిమీద మిగిలిన వానల అడవులలో అతి పురాతనమైన వాటిలో ఒకటి. 1988లో ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చారు. ఒకప్పుడు మన దక్షిణాపథమూ, ఆస్ట్రేలియా ఒకే మహాఖండంలో కలిసి ఉండేవని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ ఖండానికి గోండ్వానా అని పేరు పెట్టారు. ఆ పేరు మధ్య ఇండియా గోండుల నేలది. ఆ గోండులే మన ఆదిలాబాదులోనూ ఉన్నారు. మేము ఈ మాట చెబితే ఆయనకు చాలా సంతోషమైంది. "అయితే మీ నేల మనుషుల పేరే మా అడవికి తాతగారి పేరు" అన్నాడు.

అక్కడినుండి నది ఒడ్డుకు వచ్చాము. నీరు అద్దంవలె ఉన్నది. అడుగున రాళ్ళు, వాటిమీద చేపల నీడలు లెక్కపెట్టవచ్చు. "బానా" అన్నాడాయన. వారి భాషలో మంచినీళ్ళు. "మా భాషలో బాన అంటే నీళ్ళు పోసుకొనే పెద్ద కుండ" అన్నాము. ఆయన పగలబడి నవ్వి, "నీళ్ళు మావి, కుండ మీది" అన్నాడు. పిల్లలు దిగబోతే మాత్రం చేయి అడ్డం పెట్టాడు. చూపుకు శాంతంగా ఉంటుంది గాని, పైన కొండలలో వాన పడితే క్షణంలో పొంగుతుంది. ఈతకు దిగి ప్రాణాలు పోగొట్టుకొన్నవారున్నారు. ఒడ్డున హెచ్చరిక పలకలున్నాయి.

అక్కడ కూర్చొని ఎదుటి కొండ చూపించాడు. పేరు మంజల్ దింబి. పూర్వం వుర్రుంబు అనే దుష్టశక్తి జనాన్ని పీడిస్తూంటే, కుబిర్రి అనే ఆయన (మన కుబేరుడు కాదు సుమండీ) వారిని కాపాడడానికి వచ్చి, ఆ దుష్టుణ్ణి కొండలోనికి అదిమి నేటికీ ఆపి ఉంచాడట. కొండమీద మనిషివంటి రాయి ఆయనే. ఆయన ఆ కథ చెప్పిన తీరు మనవాళ్ళు స్థలపురాణం చెప్పినట్లే ఉన్నది; నమ్మమని బలవంతం లేదు, తొందర లేదు.

ఆ జూలై నెల వారి లెక్కలో చలికాలం, బులూరిజి. వారికి ఏడాదికి అయిదు కాలాలు. పెద్దవానలకు కాబా, చివరి జల్లులకు కాబకాబదా, తరువాత చలి, తరువాత ఎండ, ఆఖరుకు ఉరుముల కాలం జర్రమాలి. ఏ చెట్టు పూస్తే ఏ చేప బలిసింది, ఏ పక్షి గుడ్డు పెట్టింది అన్నది చూచి కాలం గుర్తిస్తారు. మన కార్తెలు కూడా అటువంటి లెక్కే గదా. మా తాతగారు మృగశిర అంటే చినుకు వాసన పట్టేవారు. మాకు మృగశిర అంటే క్యాలెండరులో ఒక చిన్న అక్షరం.

ఇంతవరకు అంతా సరదాగానే నడిచింది. నడుస్తూన్నంతసేపూ ఆయనకొక అలవాటు. ఏదైనా చూపి, తన భాషలో పేరు చెప్పి, "మీ భాషలో?" అని అడిగేవాడు. ముళ్ళ తీగ చూపితే బెత్తం అన్నాము. చిన్నప్పుడు మేష్టరుగారి చేతిలో దానిని బాగా ఎరుగుదుము. తాటివంటి చెట్టును చుట్టి పెనవేసుకొన్నదానికి మర్రి అన్నాము. బండమీది పచ్చకు నాచు. ఇట్లా గర్వంగానే సాగుతున్నది. అంతలో నీటిమీదికి వంగిన కొమ్మపై నీలిరంగు పిట్ట ఒకటి వాలింది. పొడుగు ముక్కు, నారింజరంగు రొమ్ము. చటుక్కున నీటిలో మునిగి చేపతో లేచింది. ఆయన మా అమ్మాయివైపు తిరిగి అడిగాడు.

"కింగ్‌ఫిషర్" అన్నది అది.

"అది ఇంగ్లీషువారి మాట. నీ మాట?"

మా అబ్బాయి, "మాఛరంకా" అన్నాడు. అది ఒరియా, బడిలో నేర్చుకొన్నది. ఆయన తెలుగు అడిగాడని మాకు తెలుసు. మేము మా ఇంటావిడవైపు చూచాము. ఆమె మావైపు చూచింది. రుషికుల్య ఒడ్డున, మా ఊరి చెరువు గట్టున, వందసార్లు చూచిన పిట్ట. పేరు నాలుక చివర ఉన్నది గాని రాలేదు. మా బావమరిది కూడా తల గోక్కున్నాడు. నలుగురం తెలుగువాళ్ళం, ఒక పిట్టకు పేరు లేక నిలబడిపోయాము.

ఆయన వేళాకోళం చేయలేదు. "మా అమ్మమ్మ ఇంట్లో మా మాట మాట్లాడేది. బడిలో ఇంగ్లీషే. ఆమెకు తెలిసిన పేర్లలో సగం నాకు రావు. ఉన్న సగం వీళ్ళకు చెబుదామని ఈ పని చేస్తున్నాను" అని, ఎదురుగా వస్తున్న తమ కుర్రవాణ్ణి చూపించాడు. ఆ కుర్రవాడు పని నేర్చుకొంటున్నాడట.

ఆ సగం కూడా మిగలడమే వింత అని ఆ చరిత్ర చదివితే తెలుస్తుంది. 1873లో పామర్ నదిలో బంగారం దొరికిన తరువాత వేలమంది వచ్చిపడ్డారు; పిమ్మట చెరకు కోసం అడవి నరికారు. 1897లో, అంటే మాస్మన్ మిల్లు మొదటి చెరకు ఆడిన ఏడాదే, క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం ఆదివాసుల రక్షణ చట్టం తెచ్చింది. రక్షణ పేరుతో వారిని ఉన్నచోటు నుండి లేపి వేరొకచోట పెట్టవచ్చును, వారి కూలి డబ్బు అధికారి చేతిలో ఉంచవచ్చును. జాతీయ జనాభా లెక్కలో వారిని కలుపుకోవడానికి 1967లో ప్రజల వోటు కావలసివచ్చింది. తూర్పు కుకు యలంజి వారి భూమి హక్కును కోర్టు ఒప్పుకొన్నది 2007లో. మేము తిరిగి వచ్చిన రెండేళ్ళకు, 2021 సెప్టెంబరు 29న, ఈ డెయిన్‌ట్రీ అడవితో సహా 1,60,000 హెక్టార్లకు పైగా భూమిని ప్రభుత్వం వారికి తిరిగి అప్పగించి, అడవిని వారితో కలిసి నిర్వహించడానికి ఒప్పుకొన్నది.

నడక ముగిశాక డబ్బాలో కాచిన టీ, నిప్పులపై కాల్చిన రొట్టె పెట్టారు. రొట్టె మాకు అంతగా నచ్చలేదు. టీ బాగున్నది. తరువాత మాకు మేముగా తాళ్ళ వంతెన దాటి, అడవిలో 2.4 కిలోమీటర్ల చుట్టుదారి నడిచి వచ్చాము. దారి చదును. మా ఇంటావిడ మోకాళ్ళు ఫిర్యాదు చేయలేదు. ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు; అందరం ఆ పిట్ట పేరే వెదుకుతున్నాము.

రాత్రి ఎనిమిదికి బరంపురం ఫోను చేశాము. ఇక్కడ మధ్యాహ్నం మూడున్నర. మా అమ్మ నిద్రలేచి ఫోను తీసింది. కుశలప్రశ్నలు కూడా కాకుండా మా అమ్మాయి ఫోను లాక్కొని, "నాయనమ్మా, నీలంగా ఉండి, చేపల్ని పట్టే పిట్ట ఏది?" అని అడిగింది.

"లకుముకి పిట్టే తల్లీ. మీ నాన్నకు తెలీదూ?" అన్నది మా అమ్మ.

ఊరికి వచ్చాక మా అమ్మాయి నోటుపుస్తకం కుట్టించింది. పుటకు మూడు గళ్ళు: యలంజి, తెలుగు, ఒరియా. తెలుగు అక్షరాలు దానికి సరిగా రావు. 1936లో గంజాం ఒరిస్సాలో కలిసిన తరువాత మా కుటుంబంలో తెలుగు బడిలో చదివినది మా నాన్నగారి తరంలో కొందరే. మేము ఇంట్లో దిద్దుకొన్నాము, పిల్లల దగ్గరకు వచ్చేసరికి అదీ లేదు. పుస్తకంలో అది వ్రాసిన మొదటి తెలుగు అక్షరం ఙ. తరువాత మా అమ్మ కూర్చోబెట్టి మిగిలినవి దిద్దించింది. సాయంకాలాలు ఇద్దరూ పెరట్లో, గట్టుమీద తిరిగేవారు. ఉత్తరేణి, పల్లేరు, తంగేడు, వావిలి, గుంటగలగర, అత్తిపత్తి. మా అమ్మది ఇచ్ఛాపురం దగ్గర పల్లె. ఆమె చెప్పే పేర్లు కొన్ని మా ఇంటావిడకు కూడా తెలియవు. అట్లా 61 పేర్లు అయ్యాయి. పిమ్మట కరోనా వచ్చింది, బడి ఫోనులోకి వెళ్ళింది, పుస్తకం ప్రక్కన పడింది. మా అమ్మ 2022 మాఘమాసంలో పోయింది.

మా బావమరిది ఫోను చేస్తూనే ఉంటాడు. 2023 డిసెంబరు 13న జాస్పర్ తుపాను ఆ తీరాన్ని తాకి, కొన్నిచోట్ల అయిదు రోజులలో రెండు మీటర్లకు పైగా వాన కురిసింది. వుజల్ వుజల్ అనే ఆదివాసుల ఊరిని పూర్తిగా ఖాళీ చేయించారు. గండి దారులు కూడా దెబ్బతిన్నాయన్నాడు. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ చూచిన వారము గనుక ఆ సంగతి మాకు విప్పి చెప్పనక్కరలేదు. దారి చూపినాయన క్షేమమేనా అని అడిగాము. తరువాత ఎప్పుడో కనబడ్డాడట. లకుముకి పిట్ట సంగతి చెబితే జ్ఞాపకమున్నదని నవ్వాడట.

మొన్న దొరికిన ఆ పుస్తకంలో 62వ వరుస ఖాళీగా ఉన్నది. ప్రక్కన ఎండిన ఆకు ఒకటి అంటించి ఉన్నది. మా అమ్మాయికి దగ్గు వస్తే మా అమ్మ కోసి రసం పిండి ఇచ్చిన ఆకు అది. నేలమీద, గట్లమీద పాకే సన్నని తీగ. ఆకు మూడు మూలలుగా, చేతికి గరుకుగా, నూగుతో ఉంటుంది. చిన్న పసుపుపచ్చని పూవు. బఠాణీ గింజంత కాయ, పండితే ఎరుపు. దోసజాతి అనుకొంటాము. మా అమ్మ దానిని ఏదో పేరుతో పిలిచేది. అమ్మాయి వ్రాసికొనేలోపల ఎవరో వాకిట్లో పిలిచారు, ఇద్దరూ లేచి వెళ్ళారు. మా అమ్మాయికి పేరు గుర్తులేదు, మాకూ లేదు. పర్లాకిమిడి, జయపురం, ఇచ్ఛాపురం వైపు పాఠకులలో ఎవరింటనైనా పెద్దవారికి తెలిసి ఉంటే, సంఘం చిరునామాకు ఒక కార్డు ముక్క వ్రాయవలసినదిగా కోరుతున్నాము.